మాటల చివర కోసేసే హెడ్‌సెట్లు

ఆ హెడ్‌సెట్లని ఏడాదిన్నర పాటు అతికించి, టంకం పెట్టి, మళ్ళీ జనాల తలలకి తగిలించింది నేనే. ఎవరిమీద ఎంత కోపం వెళ్ళగక్కినా ఆ మాట ముందు చెప్పేయాలి, లేకపోతే న్యాయం కాదు.

నా పేరు ఎలీహియో తవారెస్. స్పానిష్ మాట్లాడే మా దీవిలో సాంతియాగో అనే ఊరుంది. అక్కడ బేస్‌బాల్ మైదానం దాటాక ఒక వ్యాపార సముదాయం ఉంది, దాని మూడో అంతస్తులో మా ఆఫీసు. నూట నలభై మంది అక్కడ కూర్చుని ఫోన్లో దుబాసీ పని చేసేవాళ్ళు. అమెరికాలో ఏదో ఆసుపత్రిలో స్పానిష్ తప్ప మరో ముక్క రాని మనిషి డాక్టరు ముందు కూర్చుంటాడు. డాక్టరు మాకు ఫోను కలుపుతాడు. మావాళ్ళలో ఒకరు ఆ ఇంగ్లీషు విని స్పానిష్‌లో చెబుతారు, ఆ స్పానిష్ విని ఇంగ్లీషులో చెబుతారు. మొహాలు కనపడవు, సైగలు ఉండవు, పెదాల కదలిక చూసి ఊహించుకునే వీలు లేదు. ఉన్నదల్లా చెవిలో పడే శబ్దం. దర్జీకి కళ్ళెంతో వాళ్ళకి హెడ్‌సెట్ అంత.

ఆ సామానంతా చూసుకునేవాణ్ణి నేను. వెనక గదిలో ఒక బల్ల, టంకం కడ్డీ, భూతద్దం, డబ్బాల నిండా మరలు. అదే నా సామ్రాజ్యం.

యుదెల్కా అక్కడ పదకొండేళ్ళుగా పని చేస్తోంది. నలభై దాటిన మనిషి, రోజూ పక్క ఊరు మోకా నుంచి మినీబస్సులో వచ్చేది. మందుల పేర్లు, గుండె జబ్బుల మాటలు రెండు భాషల్లోనూ ఆమె నాలిక చివర ఉండేవి. కొత్తగా చేరినవాళ్ళని మొదటి వారం ఆమె పక్కనే కూర్చోబెట్టేవాళ్ళు. నన్ను అన్నా అనేది. మొదట్లో మా దగ్గరున్న పాత హెడ్‌సెట్లు ఎంత హాయిగా ఉండేవంటే, తలమీద ఉన్న సంగతే మర్చిపోయేవాళ్ళు. ఒకసారి యుదెల్కా దాంతోనే కిందికి కాఫీకి వెళ్ళిపోయింది. వైరు వెనకాల వేలాడుతుంటే కాఫీ బండి ముసలామె, "అమ్మాయ్, తోక ఊడొచ్చింది చూసుకో," అందట. ఆ తర్వాత చాలాకాలం ఆఫీసులో ఆమెకి 'తోక' అనే పేరు. ఆ పాతవాటిలో ఎనిమిదేళ్ళు పనిచేసినవీ ఉన్నాయి. మెత్తలకి గుడ్డ తొడుగులు, ఉతికి మళ్ళీ వేసేవాణ్ణి. మాట అవతలివాడి నోట్లోంచి తిన్నగా చెవిలోకి వచ్చేది.

తర్వాత రాదమెస్ పోలాంకో మేనేజరుగా వచ్చాడు. లిసెన్సియాదో, అంటే పట్టభద్రుడుగారూ, అని పిలిస్తేగాని పలికేవాడు కాదు. వచ్చిన రెండో నెలలో పాతవి తీయించి, ఎక్కడినుంచో పెట్టెల్లో కొత్తవి దింపాడు. పాతదాని ధరలో పదో వంతుకి దొరికాయని అందరికీ చెప్పుకున్నాడు.

నేను ఒకటి విప్పి చూశాను. తలమీది పట్టీ పెళుసు ప్లాస్టిక్కు. చెవి మెత్తలకి తోలు లాంటి పలచటి పొర, మా ఎండలకి నెల కూడా ఆగదని చేత్తో ముట్టుకుంటేనే తెలిసింది. వాటన్నిటికంటే పెద్ద జబ్బు ఇంకోటి ఉంది. గోల తగ్గించడానికని లోపల ఒక చిన్న సర్క్యూటు పెట్టారు. అది గోలకీ, మెల్లగా పలికే మాటకీ తేడా తెలియనిది. మాట చివర్లో వచ్చే చిన్న శబ్దాలని, స్, ఫ్, ట్ లాంటివాటిని, గోల కిందే లెక్కగట్టి కోసేసేది. అచ్చులు బాగానే వచ్చేవి. పాటకి అచ్చులు చాలేమోగాని మందుల చీటీకి చాలవు.

రెండు పేజీల కాగితం రాసి తీసుకెళ్ళాను. రాదమెస్ చదివాడో లేదో, చివర మాత్రం చూసి, "ఇవి పాటలు వినడానికి కాదు ఎలీహియో. మాట వినపడుతోందా, లేదా?" అన్నాడు.

వినపడుతోంది గానీ, అని నేను మొదలుపెట్టాను.

"వినపడుతోందిగా. అయితే ఇంకేం," అని కాగితం సొరుగులో పడేశాడు.

అప్పుడు గట్టిగా మాట్లాడాల్సింది. మాట్లాడలేదు. వెనక గదికి వెళ్ళి పని చేసుకున్నాను.

మూడో వారానికే మెత్తల పొర ఊడడం మొదలైంది. సాయంత్రం ఇళ్ళకి వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరి చెవుల చుట్టూ, మెడమీద నల్లటి పెచ్చులు, బొగ్గు బస్తాలు మోసి వచ్చినట్టు. పట్టీ తలని పటకారులా పట్టేది. ఎనిమిది గంటలు అలా ఉన్నాక కణతలు లాగేస్తున్నాయని మాత్రలు మింగేవాళ్ళు. మూడో నెలలో పట్టీలు విరగడం మొదలైంది, అన్నీ ఒకేచోట, చెవి దగ్గర మలుపులో. నేను పలచటి ఇత్తడి రేకు లోపల పెట్టి, జిగురు పోసి, పైన సైకిలు ట్యూబు ముక్క చుట్టేవాణ్ణి. అలా బాగుచేసినవి కొత్తవాటికన్నా గట్టిగా ఉండేవి. రాదమెస్ పైనుంచి వచ్చిన పెద్దలకి నా బల్ల చూపించి, మా ఎలీహియో ఉండగా ఇక్కడ ఏదీ చెత్తబుట్టలోకి పోదని గొప్పగా చెప్పేవాడు. నేను పళ్ళికిలించుకుంటూ నిలబడేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మనిషికొక హెడ్‌సెట్ అన్న పాత పద్ధతి కూడా పోయింది. పొద్దున్న ఒకరి తలమీద ఉన్నది మధ్యాహ్నం ఇంకొకరి తలమీదికి. ఒకరి చెమట ఇంకొకరి చెవిలో. చెవి చీము పట్టినవాళ్ళు ఆ ఏడాది ఎంతమందో. యుదెల్కా కుడి చెవి వాచిపోయి, పది రోజులు దూది పెట్టుకుని, ఎడమ చెవితోనే పని నెట్టుకొచ్చింది. వాపు తగ్గింది గానీ ఆ చెవిలో ఈల లాంటిది ఒకటి మిగిలిపోయింది.

వీటన్నిటిమీదా ఇంకో నియమం పెట్టాడు రాదమెస్. ఒక ఫోనులో రెండుసార్లకి మించి 'మళ్ళీ చెప్పండి' అని అడిగితే ఎర్ర గీత. వారంలో మూడు ఎర్ర గీతలు పడితే ఆసుపత్రుల ఫోన్ల నుంచి తీసేసి బిల్లుల ఫిర్యాదుల ఫోన్లలో కూర్చోబెడతారు. వినపడని సామాను చేతికిచ్చి, వినపడలేదంటే శిక్ష. అంత నీతిమాలిన నియమాన్ని రంగుకాగితం మీద అచ్చు వేయించి గోడకి అంటించారు, పక్కన నవ్వుతున్న బొమ్మ కూడా.

మార్చి నెలలో ఒక మంగళవారం పొద్దున యుదెల్కాకి ఒక ఫోను వచ్చింది. ఉత్తరాన చలి ఊళ్ళో ఆసుపత్రి, నర్సు, ఒక ముసలాయన. ఆయన నోరు విప్పగానే మోకా మనిషని తెలిసిపోయిందని యుదెల్కా తర్వాత చెప్పింది, మాట సాగదీసే తీరులోనే. రక్తం గడ్డకట్టకుండా ఆయన వాడుతున్న మందు మార్చారు. నర్సు కొత్త మందు గురించి చెబుతోంది. మోతాదు దగ్గర ఒకసారి, ఎప్పుడు వేసుకోవాలన్న దగ్గర ఒకసారి యుదెల్కా మళ్ళీ చెప్పమని అడిగింది. రెండూ అయిపోయాయి. ఆ వారంలో ఆమెకి అప్పటికే రెండు ఎర్ర గీతలు ఉన్నాయి.

అప్పుడు నర్సు పాత మాత్ర గురించి చెప్పింది. ఇంగ్లీషులో 'క్యాన్' అంటే వేసుకోవచ్చు, 'క్యాంట్' అంటే వేసుకోకూడదు. అమెరికావాళ్ళ నోట్లో ఆ రెంటికీ తేడా చివర్న నాలుక పళ్ళకి తగిలే ఆ కాస్త ట్ ఒక్కటే. నర్సు వేసుకోకూడదంది. యుదెల్కా చెవికి వేసుకోవచ్చనే చేరింది. పాత మాత్ర దీంతో కలిపి వేసుకోవచ్చు నాన్నా, అని ఆయనకి ముద్దుగా చెప్పింది. ఆయన దేవుడు నిన్ను చల్లగా చూడాలమ్మా అని దీవించాడు.

ఆరు రోజులు ఆయన రెండు మాత్రలూ వేసుకున్నాడు. ఏడో రోజు స్నానాల గదిలో నెత్తురు కక్కుకుని పడిపోయి ఉంటే కూతురు చూసింది. మెదడులో కూడా నెత్తురు కారింది. ప్రాణం పోలేదు గానీ పోయినంత పనయింది.

ఆసుపత్రి వాళ్ళు ఆ ఫోను రికార్డు అడిగారు. రాదమెస్ యుదెల్కాని గదిలోకి పిలిచి, తన సొంత హెడ్‌ఫోన్లు ఆమె చేతికిచ్చి వినమన్నాడు. ఆయనవి పెద్దవి, నిజమైన తోలు మెత్తలవి, వాటిలో దూరాన కాగితం మడిచినా వినపడుతుంది. ఆమె విన్నది. అక్కడినుంచి తిన్నగా నా గదికి వచ్చి స్టూలు మీద కూలబడింది.

"క్యాంట్ అనే అందన్నా. మేకు కొట్టినట్టు అంది. నేనే ఆ ముసలాయన్ని చంపినంత పని చేశాను," అంది.

పదకొండేళ్ళ మనిషి, నా ముందు చిన్నపిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దేంతో విన్నావని అడిగాను. ఆయన హెడ్‌ఫోన్లతో అంది. ఆ మాట అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆమె ఆ రోజు పెట్టుకున్న హెడ్‌సెట్ తెచ్చాను. రికార్డు నకలు నా కంప్యూటర్లోకి తెచ్చుకుని, ఆ ముక్క వేశాను. ఆమె వింది. మళ్ళీ వేయమంది. అయిదుసార్లు వింది. తర్వాత దాన్ని తలమీంచి తీసి బల్లమీద పెట్టింది.

"లేదు. ట్ లేదన్నా. అసలు రావట్లేదు," అంది.

నేను హెడ్‌సెట్ పట్టుకుని రాదమెస్ గదికి వెళ్ళాను. తలుపు తట్టలేదు. మీ హెడ్‌ఫోన్లతో కాదు, ఆమె దాంతో వినండి అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో, తీసుకున్నాడు. చొక్కా కాలరు మీద నల్ల పెచ్చులు రాలకుండా రెండు వేళ్ళతో ఎత్తి పెట్టుకున్నాడు. విన్నాడు. మొహంలో రంగు మారడం నేను కళ్ళారా చూశాను. ఆయనకీ ట్ వినపడలేదు.

తీసి పక్కన పెట్టి, దీన్ని నువ్వు ఎన్నిసార్లు బాగుచేశావని అడిగాడు. మూడుసార్లని చెప్పాను.

"అయితే నీ రిపేరులోనే ఏదో తేడా వచ్చి ఉండొచ్చు కదా," అన్నాడు.

ఒళ్ళు భగ్గుమంది. స్టోరు గదికి వెళ్ళి, సీలు విప్పని పెట్టె ఒకటి తెచ్చి, ఆయన కళ్ళముందే చింపి, కొత్త హెడ్‌సెట్ పెట్టి వినిపించాను. అదే మాట. అదే తెగిన చివర. ఆయన దాన్ని పక్కకి నెట్టి, ఈ సంగతి ఈ గది దాటకూడదన్నాడు. శుక్రవారం ఆసుపత్రి తరఫున ఒకావిడ ఫోన్లో మాట్లాడుతుందని, యుదెల్కా ఆ రోజు పరధ్యానంగా ఉన్నానని ఒప్పుకుని సంతకం పెడితే నెలరోజులు ఇంట్లో కూర్చోబెట్టి మళ్ళీ తీసుకుంటామని చెప్పాడు. పెద్ద ఉపకారం చేస్తున్నట్టు చెప్పాడు.

ఈ మాట యుదెల్కాకి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె నోరు బిగించి, నా బల్లమీది మరల డబ్బా మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"తప్పు నాది కాదని నేననను అన్నా. ఆ మాట తేడాగా ఉందని నాకు అప్పుడే అనిపించింది. మూడోసారి అడగడానికి భయపడ్డాను. ఒక గీతకి భయపడి నోరు మూసుకున్నాను. అది నేను మొయ్యాల్సిందే. కానీ వాడి వాటా కూడా నేను మొయ్యను," అంది.

శుక్రవారం దాకా ఉన్న ఆ రెండు రోజులూ నేను ఒకటే పని చేశాను. చెవి మెత్త లోపల చిన్న మైకు పెట్టి, హెడ్‌సెట్లోంచి బయటికి వచ్చేది వచ్చినట్టే రికార్డు చేశాను. యుదెల్కాదాంట్లోంచి, నేను బాగుచేసిన ఇంకో పదింట్లోంచి, పెట్టెలోంచి అప్పుడే తీసిన అయిదింట్లోంచి.

శుక్రవారం మీటింగు గదిలో రాదమెస్, యుదెల్కా, సామాను గురించి అడిగితే చెప్పడానికని నేను. బల్లమీద ఫోను స్పీకరు. అవతల మిసెస్ ప్రెంటిస్ అనే ఆవిడ, రోగులకి జరిగే పొరపాట్లు విచారించడం ఆవిడ పని. గొంతులో కోపం లేదు, అలాగని దయా లేదు. రాదమెస్ తియ్యగా మొదలుపెట్టాడు. దురదృష్టకరమైన మానవ తప్పిదమన్నాడు, ఉద్యోగిని తానే ఒప్పుకుంటుందన్నాడు. కాగితం, కలం యుదెల్కా ముందుకి జరిపాడు.

యుదెల్కా కలం ముట్టుకోలేదు. ఫోనుకి దగ్గరగా వంగి మాట్లాడింది.

"అమ్మా, ఆ రోజు నాకు అనుమానం వచ్చింది. అడగలేదు. అది నా తప్పు. ఎందుకు అడగలేదో కూడా మీరు వినాలి. ఇక్కడ ఒక ఫోనులో రెండుసార్లకి మించి మళ్ళీ చెప్పమంటే మాకు శిక్ష ఉంది. గోడమీద రాసి ఉంది. అప్పటికే రెండుసార్లు అడిగాను. అన్నిసార్లు ఎందుకు అడగాల్సి వస్తుందో ఇప్పుడు వినండి."

రాదమెస్ ఫోను మీదికి చెయ్యి చాచాడు. నేను ఆ చేతిమీద నా చెయ్యి వేసి అలాగే నొక్కి పట్టుకున్నాను. జీవితంలో ఒక పైఅధికారి ఒంటిమీద చెయ్యి వేయడం అదే మొదలు, అదే ఆఖరు. రెండో చేత్తో రికార్డు వేశాను. ముందు నర్సు మాట ఉన్నది ఉన్నట్టు. తర్వాత అదే మాట హెడ్‌సెట్లోంచి బయటికి వచ్చినట్టు.

మిసెస్ ప్రెంటిస్ రెండోది మళ్ళీ వేయమంది. వేశాను. ఇంకోసారి అంది. వేశాను. మరొక్కసారి అంది.

"నేను మూడుసార్లు అడిగాను మిస్టర్ పోలాంకో. నాకు శిక్ష ఏమిటి?" అంది.

రాదమెస్ కలం తీసుకుని మూత పెట్టాడు.

ఇవి ఎంతమంది వాడుతున్నారని ఆవిడ అడిగింది. నూట నలభై మందని నేను చెప్పాను. ఎప్పటినుంచని అడిగింది. ఏడాదిన్నర అన్నాను. ఏడాదిన్నరలో ఎన్ని ఫోన్లు, ఎన్ని మాటల చివర్లు తెగిపోయి ఉంటాయి, ఎవరెవరు ఏ మందు ఎలా వేసుకుని ఉంటారు. ఆ ముసలాయన మా దాకా తెలిసివచ్చిన ఒక్కడు మాత్రమే. ముసలాయన ఎలా ఉన్నాడని యుదెల్కా అడిగింది. అలాంటివి చెప్పకూడదని ఆవిడ అంటూనే, ఇంటికి వెళ్ళాడు, ఎడమ చెయ్యి ఇంకా లేవట్లేదని మాత్రం చెప్పింది.

అన్నీ బాగుపడ్డాయని చెప్పాలని నాకూ ఉంది. పదిహేను రోజుల్లో మంచి హెడ్‌సెట్లు వచ్చాయి, సరిగ్గా ఇరవైరెండు. ఆ ఒక్క ఆసుపత్రి ఫోన్లు తీసేవాళ్ళకి మాత్రమే. మిగతా ఆసుపత్రులు అడగలేదు కాబట్టి మిగతావాళ్ళకి ఆ చెత్తే. రాదమెస్ నా గదికి వచ్చి, విరిగిన హెడ్‌సెట్లు ముప్ఫైఒకటి బల్లమీద కుప్ప పోయించి, సోమవారానికల్లా అయిపోవాలన్నాడు. ఏమీ జరగనట్టే అన్నాడు.

ఇక పనికిరాదని నేను తేల్చిన హెడ్‌సెట్ వైరు కోసేయాలని మా ఆఫీసులో మొదటినుంచీ నియమం ఉండేది, పొరపాటున మళ్ళీ ఎవరి తలకీ ఎక్కకుండా. ఏడాదిన్నరగా ఆ నియమం నేను ఒక్కసారీ వాడలేదు. కత్తెర తీసుకున్నాను. రాదమెస్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. మొదటిదాని వైరు కోశాను.

"ఏం చేస్తున్నావ్ నువ్వు?"

"నా పని," అన్నాను.

రెండోది కోశాను. ఆయన కాపలావాణ్ణి కేకేశాడు. కాపలావాడు లొరెంసో, వాళ్ళ చెల్లెలు కూడా ఆ నూట నలభై మందిలోనే ఉంది. వచ్చి గుమ్మం పక్కన నిలబడి, బూటు తాడు విప్పి తీరిగ్గా మళ్ళీ కట్టుకున్నాడు. ముప్ఫైఒకటీ కోశాను. ఇన్నాళ్ళు నా చేత్తో నేను నిలబెట్టినదాన్ని నా చేత్తోనే కోస్తుంటే సంతోషం లేదు, ఒక్కో కోతకీ కోపం ఇంకాస్త పెరిగిందంతే. నేను అతికించకపోయి ఉంటే అవి మొదటి ఏడాదే విరిగి కుప్పపడేవి, వేరే గతిలేక మంచివి కొనేవాళ్ళు. నా పనితనమే వాళ్ళకి అండగా నిలిచింది.

మధ్యాహ్నానికల్లా నన్ను పంపేశారు. యుదెల్కా అదే రోజు రాజీనామా కాగితం, సంతకం పెట్టని ఆ ఒప్పుకోలు కాగితం రెండూ కలిపి రాదమెస్ బల్లమీద పెట్టి వచ్చేసింది. ఆ తర్వాతి వారం లోపలున్నవాళ్ళు తొంభై మంది సంతకాలు పెట్టి, గోడమీది నియమం తీసేదాకా ఫోన్లు ఎత్తేది లేదన్నారు. ఒక పూటంతా ఎత్తలేదు. నియమం పోయింది. హెడ్‌సెట్లు మాత్రం ఇప్పటికీ సగం అవే అని విన్నాను. రాదమెస్‌ని రాజధానిలో ఇంకా పెద్ద కుర్చీలోకి మార్చారు.

నేనిప్పుడు ఇంటి ముందు గదిలో రేడియోలు, హెడ్‌ఫోన్లు బాగుచేస్తాను. యుదెల్కా కోర్టులో దుబాసీగా చేరింది, మనుషుల మొహాలు చూస్తూ మాట్లాడే పని. కుడి చెవిలో ఈల తగ్గలేదు. నెల కిందట ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, మా ఆవిడ పెట్టిన అరటికాయ ముద్ద, ఉల్లిపాయలు తిని, చాలాసేపు కూర్చుంది. మోకాలో ఆ ముసలాయన బంధువులెవరైనా ఉన్నారేమోనని వాకబు చేస్తోందట. పేరు తెలుసు గానీ ఎవరికీ చెప్పకూడదు, అందుకని పేరు చెప్పకుండానే వెతుకుతోంది.

దొరికితే ఏం చెబుతావని అడిగాను.

"ముందు తప్పయిపోయిందని చెబుతా. తర్వాత రాదమెస్ పోలాంకో ఎక్కడ పని చేస్తున్నాడో చెబుతా," అంది.